కుడితిలో కలిసిన కవచం

సారమ్మ గొంతు పోయిందని తెలిసిన రోజు ఊళ్లో కొందరు లోలోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఆ గొంతు అలాంటిది. ఆమె చేను గట్టు మీద నిలబడి తన బర్రెను పిలిస్తే షాబాద్‌లో బర్రెలు మేత ఆపి తలలెత్తేవట. ఒకసారి వాకిట్లో కోడిని అదిలిస్తే, రోడ్డు మీద పోతున్న చేవెళ్ల బస్సు డ్రైవరు తననే తిడుతున్నారనుకుని బండి పక్కకు ఆపి, దిగి దండం పెట్టాడట. ఈ కథలు పుట్టించింది పగవాళ్లెవరూ కాదు, ఆమె మొగుడు మారయ్య.

మారయ్య నోట్లో పడ్డ సంగతి ఏదైనా సరే, తలంటుకుని కొత్తబట్టలు కట్టుకుంటేగాని బయటికి వచ్చేది కాదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి అతను లేచాడంటే స్వామిదాసు పాస్టరు గడియారం చూడటం మానేసి కళ్లు మూసుకునేవాడు. మిగతావాళ్ల సాక్ష్యాల్లో జ్వరం వచ్చేది, ప్రార్థన చేస్తే పోయేది. మారయ్య సాక్ష్యంలో జ్వరం వెంట పాము వచ్చేది, పాము వెంట వరద వచ్చేది, ఆఖరికి అతను ఎండు తుమ్మకొమ్మ పట్టుకుని ఈసీ వాగు ఈది బయటపడేవాడు. వేసవిలో ఆ వాగును కోడిపిల్ల కూడా కాళ్లు తడవకుండా దాటుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా అందరూ "స్తోత్రం" అనేవాళ్లు. అంత కష్టపడి చెప్పినవాణ్ణి ఉత్తచేతులతో కూర్చోబెట్టడం మర్యాద కాదు కదా.

అలాంటి మొగుడి పక్కన ఇన్నేళ్లూ సారమ్మ నెగ్గుకొచ్చిందంటే గొంతు బలం వల్లనే. అతను గోరంతను కొండంత చేస్తే, ఆమె ఒక్క కేకతో కొండను మళ్లీ గోరంత చేసేది. ఇప్పుడా గొంతులోనే గడ్డ లేచింది. క్యాన్సర్ అన్నారు. పట్నం దవాఖానలో రోజూ కరెంటు పెట్టించుకోవాలన్నారు. డాక్టర్లు రేడియేషన్ అంటారు గాని ఊరు దాన్ని కరెంటనే అంటుంది. ముఖానికీ మెడకూ జల్లెడలాంటి ప్లాస్టిక్ తొడుగు బిగించి, మనిషిని బల్ల మీద కదలకుండా పడుకోబెట్టి, ఒంటరిగా వదిలి తలుపు వేస్తారు. అక్కడ ఏ నొప్పీ తెలియదు. నొప్పి తర్వాతి బస్సులో ఇంటికి వస్తుంది. ఆమె మెడ కమిలి నల్లబడింది, చర్మం పొరలుగా లేచింది, నోరంతా పొక్కి గంజి కూడా నిప్పులా దిగేది. పైగా డాక్టరమ్మ మరో మాట అన్నది. "గొంతుకు విశ్రాంతి ఇయ్యాలమ్మా. అవసరమైతేనే మాట్లాడాలె, అదీ మెల్లగ."

దాంతో ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ మారయ్య ఒక్కడే మాట్లాడసాగాడు. ఎవరైనా ఆమెను "ఎట్లున్నవ్" అని అడిగితే అతనే "మంచిగున్నది" అనేవాడు. "ఏం తిన్నవ్" అంటే అతనే నమిలి మింగినట్టు చెప్పేవాడు. సారమ్మకు మింగుడు పడనిది గంజి ఒక్కటే కాదు.

ఆ రోజుల్లో మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ లేస్తే దాని నీడ మొయినాబాద్ చేలల్లో పడేది. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లకు సెలవురోజు కూర్చోవడానికి చెట్టు కావాలట. జొన్నచేలల్లో ప్రహరీ గోడలు మొలిచాయి, గోడల మీద గాజుపెంకులు మొలిచాయి, గేటు దగ్గర నిన్నటి ఆసామి వాచ్‌మన్‌గా మొలిచాడు. మారయ్య మాత్రం అమ్మలేదు. అందులో వీరత్వం ఏమీ లేదు, అన్నదమ్ముల సంతకాలు కుదరలేదు అంతే. రెండు ఫాంహౌసుల నడుమ ఇరుక్కున్న ఆ చేని చెక్కలోకి ఒకనాడు శ్రవణ్ అనే కుర్రాడు కారు దిగి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కొలువు వదిలేసి మూలికల కంపెనీ పెట్టానన్నాడు. విత్తనం తనే ఇస్తానన్నాడు, ఆకు తనే కొంటానన్నాడు. అలా చర్చి మారయ్య చేనులో తులసి మొలిచింది.

పక్కచేను కౌసల్యమ్మది. గులాబీతోట. ఆమె గట్టు మీద నిలబడి నవ్వింది.

"అన్నా, యేసయ్యకు తెల్వకుంట పెంచుతున్నవా ఏంది?"

"ఆయన పుట్టినప్పుడు జ్ఞానులు సాంబ్రాణి, బోళం తెచ్చిండ్రు చెల్లే. ఆనాడు ఆడ తులసి దొరకక ఊకున్నరు" అన్నాడు మారయ్య.

ఆకును నీడలో ఎండబెట్టి, పొడి చేసి, పొట్లాల్లో నింపి శ్రవణ్ దానికి 'తులసి కవచం' అని పేరు పెట్టాడు. పొట్లం మీద కత్తి పట్టుకున్న యోధుడి బొమ్మ. సారమ్మ జబ్బు సంగతి తెలియగానే అతను ల్యాప్‌టాప్ తెరిచి మారయ్యకు చూపించాడు. "తులసి ఆకులో కొన్ని పదార్థాలున్నయ్ అంకుల్. రేడియేషన్ నుంచి అవి మంచి కణాలను కాపాడుతయని మన దేశంల సైంటిస్టులే రాసిండ్రు. ఆంటీకి రోజూ తాగించుండ్రి." మారయ్యకు ఇంగ్లిషు రాదు. అందువల్ల తెర మీదున్న ప్రతి అక్షరాన్నీ నమ్మాడు.

సారమ్మ నమ్మలేదని కాదు. అడిగి చూద్దామనుకుంది. పొట్లం కొంగున కట్టుకుపోయి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆకుకు గుణం లేదని నేననను. ఎలుకలకు ఇచ్చి చూసిండ్రు. ముందు ఈ ఆకు సారం ఇచ్చి తర్వాత కరెంటు పెడితే, ఇయ్యని ఎలుకల కంటే అవి ఎక్కువ బతికినయ్. అంతవరకు నిజమే. కని మనుషులకు ఎంత ఇయ్యాలె, ఎప్పుడియ్యాలె, అది తేలలేదు. ఇంకోటి. మంచి కణాన్ని కాపాడేది మీ గడ్డల కణాన్ని గూడ కాపాడితే? అప్పుడు మేం పెట్టే కరెంటు ఎందుకు? అదిగూడ మాకింక తెల్వదు. అందుకే ఈ కరెంటు అయిపోయేదాక తాగకుండ్రి. మధ్యల నాగాలు పెట్టకుండ్రి. నాగా పెడితే గడ్డకు సందు దొరుకుతది."

"ఎలుకలు గొంతు నొప్పి అని చెప్పినయా?" అని సారమ్మ గుసగుసగా అడిగింది. డాక్టరమ్మ నవ్వింది. సారమ్మ నవ్వలేదు.

ఇంటికొచ్చి ఈ మాట మొగుడికి చెప్పవచ్చు. కాని మామూలు మనిషితో వాదించడానికి ఒక గొంతు చాలు, మారయ్యతో వాదించడానికి రెండు కావాలి, ఆమె దగ్గర సగమే ఉంది. అందుకని రోజూ అతను కలిపిచ్చిన చెంబును తలవంచి అందుకుని, అతను అటు తిరగగానే తీసుకుపోయి కుడితి గోలెంలో పోసింది. బర్రె ఇష్టంగా తాగింది. దాని ఒళ్లు నిగనిగలాడింది. లోకంలో ఏ కరెంటూ దాన్ని ఏమీ చేయలేని స్థితికి వచ్చింది.

కౌసల్యమ్మది రొమ్ము క్యాన్సర్. కోసి తీశారు, మిగిలిందేమైనా ఉంటే మాడ్చడానికి ఆమెకూ కరెంటు మొదలైంది. ఇద్దరూ ఒకే బస్సులో మెహదీపట్నం పోయేవాళ్లు. కొడుకు ఎల్లేశ్ రాత్రంతా కంపెనీ వాళ్లను సుమోలో తిప్పి పగలంతా పడి నిద్రపోతాడు కాబట్టి ఆమెకు తోడు సారమ్మే. దారిపొడవునా కౌసల్యమ్మ మాట్లాడేది, సారమ్మ తలూపేది. చంక కింద మంట పుడుతోందనేది. రవిక ఒరుసుకుంటోందనేది. ఇంకేదో చెప్పబోయి కిటికీలోంచి బయటికి చూసేది.

అలా ఉండగా చేవెళ్లలో శ్రవణ్ రైతులను పిలిచి సభ పెట్టాడు. షామియానా, కుర్చీలు, మైకు, పులిహోర పొట్లాలు. సారమ్మను మెడకు మెత్తటి నూలుగుడ్డ చుట్టి తీసుకొచ్చి ముందువరసలో కూర్చోబెట్టారు. కూర్చుంటే చాలు, మాట్లాడనక్కర్లేదన్నారు. మాట్లాడటానికి మారయ్య ఉన్నాడు.

మైకు పట్టుకోగానే అతనికి చర్చి గుర్తొచ్చింది. సాక్ష్యం మొదలుపెట్టాడు.

"ఇగో, ఈమె నా భార్య. కరెంటు పెట్టిచ్చుకున్నోళ్లందరు కమిలిపోయి, కాలిపోయి, మంచం పడుతరు. ఈమె మెడ మీద ఈగ వాలిన మచ్చ గూడ లేదు. మిషను నడిపేటాయన పరేషానైండు. అమ్మా, నీది ఏ లోకం పెయి, ఏ లోకం ఒళ్లు, మా మిషను నీ దగ్గరికొచ్చి సల్లబడుతున్నది అన్నడు. పొద్దున జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. నమిలి మింగి, ఇంకోటి పెట్టమంటది. కారణం ఏంది? ఈ ఆకు. కరెంటు సంగతి ఈ ఆకు చూసుకుంటది, మీకు ఫికరే లేదు."

జనం చప్పట్లు కొట్టారు. పొద్దున్నుంచి సారమ్మ కడుపులోకి పోయింది నాలుగు చుక్కల గంజి. నూలుగుడ్డ కింద చర్మం చీము పట్టి అంటుకుని ఉంది. ఆమె అతని చొక్కా పట్టి లాగింది. అతను మైకులోనే, "చూసిండ్రా, సంతోషానికి మాట వస్తలేదు" అన్నాడు. మళ్లీ చప్పట్లు. ఆడవాళ్ల వరసలోంచి కౌసల్యమ్మ మెడ చాపి మరీ విన్నది. సారమ్మ కళ్లలో నీళ్లు తిరిగితే శ్రవణ్ సెల్‌ఫోనుతో ఫోటో తీశాడు. ఆ నీళ్లు కోపానివని ఆ షామియానా కింద ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు బస్సు దగ్గరికి కౌసల్యమ్మ రాలేదు. కొడుకు సుమోలో తీసుకుపోయి ఉంటాడనుకుంది సారమ్మ. ఆ తర్వాతి రోజూ రాలేదు. దవాఖానలో నర్సు అడిగింది, మీ వెంట వచ్చే ఆమె ఏదమ్మా అని. సారమ్మ తిరుగు బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా కౌసల్యమ్మ వాకిట్లోకి నడిచింది. ఆమె గులాబీలను కట్టలు కడుతోంది.

"వదినా, ఎందుకొస్తలేవ్?" సారమ్మ గొంతు ఎండాకులను కాలితో తొక్కినట్టు పలికింది.

"ఇంకెందుకు వదినా. నీ మందే తాగుతున్న."

"ఏం మందు?"

"తులసిది. మారయ్యన్న చెప్పిండు గద. కరెంటు సంగతి చూసుకునే ఆకు ఇంట్లనే ఉండంగ ఆ కరెంటు కాడికి పోవుడెందుకు? తేలు మందు దొరికిందని ఎవరన్న పోయి తేలుతోని కుట్టిచ్చుకుంటరా?"

పైకి చూస్తే ఈ లెక్కలో తప్పు దొరకదు. కాపాడే మందు ఉన్నదంటే దేన్నుంచో కాపాడాలి. కరెంటు నుంచి కాపాడుతుందన్నారు గనుక కరెంటే పగవాడు. పగవాడి ఇంటికి రోజూ బస్సెక్కి పోవడం తెలివితక్కువ. అసలు పగవాడు కోసిన చోటే ఎక్కడో నక్కి ఉండవచ్చన్న సంగతి మాత్రం ఈ లెక్కలోకి రాలేదు. అది మారయ్య సాక్ష్యంలోనూ లేదు.

"నేను తాగలే. ఒక్కనాడు గూడ తాగలే" అన్నది సారమ్మ.

"మరెవరు తాగిండ్రు?"

"బర్రె."

కౌసల్యమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత కుట్లు నొప్పిపెడుతున్నా డొక్క పట్టుకుని నవ్వింది. "మారయ్యన్న పక్కల ఇన్నేండ్లున్నందుకు నీకు గూడ అంటుకున్నదే వదినా. బర్రె తాగిందట. ఇగ బర్రెకు ఏం రోగం తగ్గింది?"

ఒక పూర్తి అబద్ధాన్ని ఊరు ఊరంతా చప్పట్లు కొట్టి తీసుకుంది. ఒక చిన్న నిజాన్ని ఒక్క మనిషి తీసుకోలేదు. సారమ్మ అక్కడి నుంచి ఎలా నడిచి వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంటి దగ్గర మారయ్య ఎండిన తులసి కట్టలు దులుపుతున్నాడు. ఆమె పోయి ఆ కట్ట లాగి నేలకేసి కొట్టింది.

"నా సాక్ష్యం నువ్వెందుకు చెప్పినవ్?"

"మంచికే గద చెప్పిన. ఆకు పనిచేసింది గద."

"చేసింది. బర్రెకు. రోజూ కుడితిల పోసిన."

మారయ్యకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "గందుకేనా పాలు చిక్కగైనయ్" అన్నాడు మెల్లగా.

సారమ్మ చేతికందిన చెంబు విసిరింది. అది అతని చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది. "కౌసల్యమ్మ కరెంటు బంజేసింది. నీ మాట విని. సందు దొరికితే గడ్డ మళ్లొస్తది. ఆమె చస్తే నీ సాక్ష్యమే చంపినట్టు."

అతను అరుగు మీద కూలబడ్డాడు. "నేను బంజేయమని అనలే."

సరిగ్గా అప్పుడే శ్రవణ్ కారు వచ్చి ఆగింది. చేతిలో కొత్త పోస్టరు. దాని మీద కత్తి పట్టిన యోధుడి పక్కన నూలుగుడ్డ చుట్టుకున్న సారమ్మ, కళ్లనిండా నీళ్లతో. 'ఆనంద బాష్పాలు' అని కింద రాసి ఉంది. ఆమె దాన్ని అతని చేతిలోంచి తీసుకుని, చూసి, అడ్డంగా చింపింది. నిలువుగా కూడా చింపింది. జరిగింది మారయ్య చెప్పాడు.

"ఆంటీ, ట్రీట్‌మెంట్ ఆపమని నేను ఎవ్వరికీ చెప్పలే" అన్నాడు శ్రవణ్.

"ఆపొద్దని చెప్పినవా?"

"ప్యాకెట్ మీద అంత జాగా ఉండదు ఆంటీ."

"కత్తికి జాగా ఉన్నది. మీసాలకు జాగా ఉన్నది. ఈ ఆకు ఎలుకలకే ఇచ్చి చూసిండ్రు అన్న ముక్కకు జాగా లేదా? డాక్టరును అడిగి తాగుండ్రి అన్నదానికి జాగా లేదా? అయితే ఎలుకలకే అమ్ముకో పో."

కుర్రాడు నేల మీద ముక్కలైన బాష్పాలను చూసి, కారెక్కాడు. సారమ్మ మొగుడి వైపు తిరిగింది. అప్పటికే గొంతు చీరుకుపోతోంది.

"పొద్దున నాతోని కౌసల్యమ్మ తోటకొస్తున్నవ్. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నవ్. తోక తగిలియ్యకు, కొమ్ములు పెట్టకు."

"ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరు నమ్ముతరే" అన్నాడు మారయ్య. ఎగతాళికి కాదు, నిజంగా దిగులుపడి.

మర్నాడు దవాఖానకు సెలవు. పొద్దున గులాబీతోటలో గడ్డిమందు కొట్టే పని నడుస్తోంది. కొత్తగా నాటిన మొక్కల నడుమ తుంగ బలిసింది. తుంగను మాడ్చే మందు మొక్కను కూడా మాడుస్తుంది గనుక, కొత్త ఇళ్ల దగ్గర పారేసిన పెయింటు డబ్బాలు ఏరుకొచ్చి ఒక్కో మొక్క మీద ఒక్కోటి బోర్లిస్తారు. ముందు డబ్బాలు, వెనక మందు. కౌసల్యమ్మ, ఇద్దరు ముగ్గురు కూలి ఆడవాళ్లు ఆ పనిలో ఉన్నారు.

మారయ్య గట్టు మీద నిలబడి దగ్గాడు.

"చెల్లే, నేను చేవెళ్లల చెప్పింది అబద్ధం. మీ వదిన ఆ మందు తాగలే. ఆమె మెడ కమిలింది. రొట్టె తింటలేదు. గంతే."

ఆడవాళ్లు మిగతా కథ కోసం ఎదురుచూశారు.

"తర్వాత ఏమైందన్నా?" అన్నది ఒకామె.

"తర్వాత ఏం లేదు."

"పాము రాలేదా?"

అందరూ నవ్వారు. కౌసల్యమ్మ కూడా నవ్వింది. "ఏందన్నా, శ్రవణ్ సారుతోని గొడవైందా? ఆకు మంచిగ కొంటలేడా? నిన్నటిదాక ఆకాశానికెత్తి ఇయ్యాల గిట్ల కిందేస్తున్నవ్." పుట్టినప్పటి నుంచి మొదటిసారి మారయ్య ఒక్క మాటా కలపకుండా నిజం చెప్పాడు, దానికి పక్కవాయిద్యం లేక అది నిలబడలేదు.

సారమ్మ నూలుగుడ్డ విప్పింది.

నవ్వు ఆగిపోయింది. మెడ ఒక పక్కంతా కాలిన రొట్టెలా నల్లగా, మధ్యలో పొర లేచి ఎర్రగా, తడిగా ఉంది. కూలామె ఒకతె ముఖం తిప్పుకుంది. కౌసల్యమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. ఇక నమ్మకం కుదిరినట్టేనని మారయ్య అనుకున్నాడు.

"అమ్మో. కరెంటు గిట్ల చేస్తదా" అన్నది కౌసల్యమ్మ చిన్నగా. "ఇగ జన్మల పోను."

సారమ్మ దగ్గర ఇంకేం మిగల్లేదు. మొగుడు చెప్పిన నిజం నవ్వులపాలైంది, తాను విప్పి చూపిన నిజం భయపెట్టింది. ఎదురుగా నేల మీద ఒక పెయింటు డబ్బా బోర్లించి ఉంది. ఆమె దాన్ని కాలితో తన్నింది. అది దొర్లుకుంటూ పోయింది, కింద నుంచి చిన్న గులాబీమొక్క బయటపడింది. అప్పుడు ఆమె అరిచింది. డాక్టరమ్మ వద్దన్న గొంతుతో, చిరిగిన గొంతుతో, అవతలి ఫాంహౌసు వాచ్‌మన్ గేటు తీసి చూసేంత గట్టిగా.

"ఇది ఎందుకు బోర్లిచ్చినవ్?"

కౌసల్యమ్మ బెదిరింది. "మొక్క మాడకుంట."

"మందు కొట్టకుంట ఉత్త డబ్బా బోర్లిస్తే తుంగ చస్తదా?"

"చావది."

"మరి నువ్వు చేస్తున్నదేంది? ఆ ఆకు డబ్బానే అనుకో. మంచి డబ్బానే అనుకో. బోర్లిచ్చి కూసున్నవ్, మందు కొడుతలేవ్. లోపల తుంగ ఊరుతున్నది. ఆ డబ్బా గూడ మొక్క మీదనే పడ్డదో, తుంగ మీద గూడ పడ్డదో ఎవరికి తెలుసు? డాక్టరమ్మకే తెల్వదు. తెల్వదని ఆమెనే చెప్పింది. ఈ రోగం వచ్చినసంది నాకు తెల్వదు అని చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. మిగతా అందరికి అన్నీ తెలుసు. నా మొగడికి తెలుసు, ఆ పిలగాడికి తెలుసు, నీకు తెలుసు. నా మెడ చూసినవ్ గద. గిట్ల కాలి గూడ రేపు మళ్ల పోతున్న. నాకు పిచ్చా?"

ఆపైన మాట రాలేదు. దగ్గు వచ్చింది. ఉమ్మితే ఎంగిలిలో ఎర్రటి చార కనిపించింది. కౌసల్యమ్మ లేచి వచ్చి ఆమెను పట్టుకుంది. "ఊకో వదినా. నీ కాళ్లు మొక్కుత, మాట్లాడకు." సారమ్మ చేత్తో మారయ్యను, కూలివాళ్లను దూరం పొమ్మని సైగ చేసింది. వాళ్లు తోట చివరికి పోయారు. మారయ్య దొర్లిన డబ్బా తెచ్చి మొక్క మీద మళ్లీ బోర్లించి మరీ పోయాడు.

ఇద్దరే మిగిలాక కౌసల్యమ్మ తల దించుకుని చెప్పింది.

"ఆకు గురించి కాదు వదినా. రోజూ రవిక ఇప్పి పండుకోవాలె. ఇద్దరు పిలగాళ్లు, మా ఎల్లేశ్ ఈడోళ్లు. పెయి మీద గీతలు చూసుకుంట, ఇటు జరుగమ్మా, అటు జరుగమ్మా అంటరు. పాపం, వాళ్లేమనరు. కని నా మొగడు గూడ వెలుతుర్ల చూడని పెయి. అందుల ఒక దిక్కు కోసేసిన పెయి. నీకు ముఖానికి తొడుగేస్తరు, నన్నెవరన్న అట్ల కప్పితే మంచిగుండు అనిపిస్తది. ఆకు ఉన్నదని మారయ్యన్న అంటే, దేవుడే తొవ్వ చూపిచ్చిండనుకున్న."

సారమ్మకు జాలి కలగలేదు. కొత్త కోపం వచ్చింది, అంతకుముందున్న దాని కంటే పెద్దది. ఈసారి అది ఎటు పోవాలో దానికి తెలుసు. ఆమె కౌసల్యమ్మ మోచేయి పట్టుకుని, రోడ్డు వైపు చూపించి, రేపు అన్నట్టు వేలు ఆడించింది.

మర్నాడు బస్సులో కౌసల్యమ్మ ముఖం గంటు పెట్టుకుని కూర్చుంది. తన రోగాన్ని తుంగతో పోల్చావని దారిలో ఒకసారి గొణిగింది. దవాఖానలో కౌసల్యమ్మ పేరు పిలవగానే సారమ్మ కూడా లేచింది. మిషను గదికి మందమైన ఇనుప తలుపు. అది పూర్తిగా మూసుకుంటేగాని మిషను నడవదు. ఇన్నాళ్లుగా ఆ బల్ల మీద పడుకుని, తలుపు చప్పుడు ముందు, మిషను మోత తర్వాత వింటూ ఆమె నేర్చుకున్న సంగతి అది. పోయి సరిగ్గా గడప మీద బాసింపట్టు వేసి కూర్చుంది.

"అమ్మా, జరుగు. లైన్ పెద్దగున్నది" అన్నాడు అక్కడి కుర్రాడు.

"ఆడమనిషి" అన్నది సారమ్మ. ఊపిరే వచ్చింది, శబ్దం రాలేదు. అతనికి అర్థం కాలేదు. కౌసల్యమ్మ సిగ్గుతో గోడ వైపు తిరిగింది, కాని గోడతో అన్నట్టుగా చెప్పింది. "లోపల ఆడమనిషిని పెట్టమంటున్నది. కప్పనీకి దుప్పటి గూడ."

"లేడీ స్టాఫ్ వేరే మిషను కాడ ఉన్నదమ్మా. ఇక్కడ మేమే. డైలీ నడుస్తున్నదే గద."

సారమ్మ కదల్లేదు. వరసలో వెనకవాళ్లు గొణిగారు. బస్సు పోతుందని ఒకాయన విసుక్కున్నాడు. కుర్రాడు ఆమె భుజం పట్టుకోబోయి నూలుగుడ్డ పక్కన చర్మం చూసి చేయి వెనక్కు తీసుకున్నాడు. వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ, ఏ ఊరామెనో ఏమో, కొంగు ఛాతీ నిండా లాక్కుని, "నాకు గూడ గదే కావాలె. అడగొచ్చని తెల్వక ఇన్నొద్దులు ఊకున్న" అన్నది. ఆమె పక్కామె కూడా తలూపింది.

డాక్టరమ్మకు కబురు వెళ్లింది. ఆమె వచ్చి విషయం విని, ఎవరికో ఫోన్ చేసి గట్టిగా మాట్లాడింది. కాసేపటికి అవతలి మిషను దగ్గరి అమ్మాయి ఒక పచ్చ దుప్పటి మడత చంకన పెట్టుకుని, ఇక్కడికెందుకు పంపారో తెలియని ముఖంతో వచ్చింది. కుర్రాళ్లు ఇవతలికి వచ్చారు. కౌసల్యమ్మ సారమ్మను దాటుకుని లోపలికి పోయింది. అప్పుడు సారమ్మ గడప మీది నుంచి లేచింది. తలుపు మూసుకుంది. లోపల మోత మొదలైంది.

"గొంతు చూపించు" అన్నది డాక్టరమ్మ. చూసి తిట్టింది. ఇన్నాళ్లు గొంతుకిచ్చిన విశ్రాంతినంతా నిన్న ఒక్కనాడే చెడగొట్టావన్నది. మాట మళ్లీ వస్తుందో రాదో చెప్పలేనన్నది. సారమ్మ వింటూ ఇనుప తలుపునే చూసింది. దుప్పటి ఒకటే తెచ్చారు, వరసలో ఇంకా ఎందరో ఆడవాళ్లున్నారు. ఆ సంగతికి కూడా ఆమెకు కోపం వచ్చింది.

కౌసల్యమ్మ రవిక సర్దుకుంటూ బయటికి వచ్చింది. సారమ్మ వైపు చూడకుండా పక్కన కూర్చుంది.

"ఆ పిల్ల చేతులు మంచుగడ్డలే వదినా" అన్నది కొంచెంసేపటికి. "జర రుద్దుకోని పెట్టమని చెప్పిన. నవ్వింది."

లోపలి నుంచి సారమ్మ పేరు పిలిచారు. ఆమె మెడ మీది గుడ్డ విప్పి కౌసల్యమ్మ ఒడిలో పడేసి లోపలికి నడిచింది.